మింగేసిన సున్నా

"నీలం చొక్కా అయిందా?" అని హాల్లోంచి కేక వినిపించింది.

'అయిందా' అంటే 'ఇంకా ఎందుకు కాలేదు' అని. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెకి ఆ మాత్రం అనువాదం వచ్చు. వారానికి ఐదు నీలం చొక్కాలు, ఐదింటికీ ఎడమ జేబు మీద కార్ల కంపెనీ గుర్తు. ఆ గుర్తు మీద ఇస్త్రీపెట్టె నేరుగా ఆనించకూడదు. పైన పల్చటి గుడ్డ వేసి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి అద్ది తీసెయ్యాలి. లేకపోతే దారం ముడుచుకుపోయి కంపెనీ మూతి వంకరపోతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ కంపెనీ పరువు ఇంత జాగ్రత్తగా తన చేతిలో ఉందన్న సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున గుడ్డ వేసి అద్దబోతుండగా టీవీలో ఆ కంపెనీ పేరే వినిపించింది. చెయ్యి గాల్లోనే ఆగింది.

కంపెనీ డీజిల్ కార్లు పొగ పరీక్షల్లో మోసం చేశాయట. పరీక్ష జరుగుతోందని పసిగట్టే ఏర్పాటేదో కారు కంప్యూటర్లో రహస్యంగా పెట్టారట. పరీక్ష అని తెలియగానే బండి బుద్ధిమంతురాలైపోతుంది. రోడ్డెక్కగానే అసలు రూపం. ల్యాబులో చూపించిన దానికి రోడ్డు మీద పది రెట్లు విషవాయువు వదులుతోందని వార్తలు చదివే అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి మాట నమ్మరేమో అన్నట్టు కింద అక్షరాల్లో కూడా వేశారు. పది రెట్లు.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి హాల్లోకి వచ్చింది. భర్త ఒక కాలికి బూటు వేసుకుని, రెండో బూటు చేత్తో పట్టుకుని, టీవీ కేసి చూస్తూ ఉండిపోయాడు. అత్తగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "మనవాళ్ళేనట్రా? మన కంపెనీయే?" అంటోంది. ఇల్లు ఇల్లంతా చావు కబురు విన్నట్టుంది. మర్యాదకి ఆమె కూడా ఒక నిట్టూర్పు విడవాలి. విడిచింది కూడా. కానీ అది నిట్టూర్పు కాదని ఆమెకి వెంటనే తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళుగా గుండెల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్న మనిషెవరో, 'సరేనమ్మా, ఇక వెళ్ళొస్తా' అని లేచి చెప్పులేసుకున్నట్టు అనిపించింది.

పది రెట్లు. అంటే సున్నా పాయింట్ సున్నా ఆరు కాదు. సున్నా పాయింట్ ఆరు.

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళి మిగతా నాలుగు చొక్కాలూ ఇస్త్రీ చేసింది. తర్వాత దుప్పట్లు చేసింది. తర్వాత తువ్వాళ్ళు. ఆ తర్వాత స్టవ్ తుడిచే గుడ్డకి కూడా నాలుగు మడతలు పెట్టి, చక్కగా అంచులు కలిపి ఇస్త్రీ చేసింది. చేస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నానని గ్రహించి టక్కున ఆపేసింది. పక్క గదిలో అంత దుఃఖం పెట్టుకుని పాడటం బాగుండదు.

*

తొమ్మిదేళ్ళ కిందట ఆయన పొగ పరీక్షల విభాగంలో కొత్తగా చేరాడు. అప్పటికి నిజంగా పని మీద ప్రేమ ఉన్న మనిషి. ల్యాబులో కారుని రోలర్ల మీద ఎక్కించి, చక్రాలు తిప్పించి, పొగ కొలిచేవారు. ఎక్కడికీ పోకుండా గంటల కొద్దీ పరిగెత్తే కారు. అలా కాదు, అసలు రోడ్డు మీద ఎంత వస్తుందో చూద్దామని ఆయనకి బుద్ధి పుట్టింది. కొలిచే పెట్టె ల్యాబులో ఉంది. కంపెనీ బండి ఇంట్లో ఉంది. ఆదివారం పూట రీడింగులు రాయడానికి మనిషిని ఇవ్వమంటే మాత్రం కంపెనీ ఇవ్వలేదు. మనిషెందుకు, పెళ్ళాం ఉందిగా.

అలా ఆదివారం షికార్లు మొదలయ్యాయి. ముందు సీట్లో అత్తగారు, నడుం కింద దిండు పెట్టుకుని. వెనక సీట్లో ఆమె, ఎనిమిదేళ్ళ కూతురు, ఇద్దరి మధ్యలో గుర్రుమంటూ ఆ పెట్టె. పొగ గొట్టం నుంచి ఒక నల్లటి ట్యూబు డిక్కీలోంచి పాక్కుంటూ వచ్చి పెట్టెలో దూరేది. పెట్టె మీద ఎర్రటి అంకెలు వెలిగేవి. కిలోమీటరుకి ఎన్ని గ్రాముల విషవాయువు వస్తోందో ఆ అంకెలు చెప్పేవి. ప్రతి ఐదు కిలోమీటర్లకీ ఆయన వెనక్కి తిరగకుండా "రాయి" అనేవాడు. ఆమె రాసేది. మలుపుల్లో కడుపులో తిప్పినా రాసేది. కూతురికి వాంతి వస్తే ఎడమ చేత్తో సంచి పట్టుకుని కుడి చేత్తో రాసేది. ఎదురింటి ఆవిడ మాత్రం మెట్ల మీద కనిపించినప్పుడల్లా, "ప్రతి ఆదివారం కారు షికారేనా! పెట్టి పుట్టావమ్మా" అనేది.

మొదటి ఆదివారం ఇంటికొచ్చాక, ఆమె వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే, ఆయన నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదేంటిది? సున్నా పాయింట్ ఆరు ఒకటి, సున్నా పాయింట్ ఐదు ఎనిమిది... ల్యాబులో సున్నా పాయింట్ సున్నా ఆరు వచ్చింది. మధ్యలో సున్నా ఏదీ?"

"అక్కడ లేదండీ."

"లేకపోవడమేంటి? ఉంటుంది. నువ్వు చూళ్ళేదు."

మరుసటి ఆదివారం ఆమె మొహం అంకెల మీదికి వంచి రాసింది. సున్నా లేదు. ఆ పై ఆదివారం అత్తగారి భూతద్దం పట్టుకెళ్ళింది. అయినా సున్నా లేదు. ఒకసారి వేలితో ఆ అద్దాన్ని తుడిచి చూసింది, సున్నా మీద దుమ్ము పడిందేమోనని. డిగ్రీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి కాలేజీ మొత్తం మీద మొదటి మార్కు ఆమెది. తలవెంట్రుక మందం కొలిచి చూపించిన అమ్మాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నెమ్మదిగా ఆమెకి కూడా.

ఆయన ఆ నోటుబుక్కు పట్టుకెళ్ళి పై అధికారికి చూపించాడు. ఆ పెద్దమనిషి పేజీలు తిరగేసి, గట్టిగా నవ్వి, "మీ ఆవిడ సున్నా మింగేసిందయ్యా" అన్నాడట. ఆయన ఆ మాటని ఆఫీసు నుంచి మిఠాయి పొట్లంలా ఇంటికి మోసుకొచ్చాడు. అత్తగారు దాన్ని పదిమందికీ పంచిపెట్టింది. "మా కోడలు సున్నాలు మింగేస్తుందమ్మా, జాగ్రత్త!" ఆఫీసు వాళ్ళు భోజనానికి వస్తే "సున్నా మేడం గారూ, బాగున్నారా?" అనేవారు. ఆమె నవ్వేది. నవ్వకపోతే సరదా తెలియని మనిషంటారు.

ఒకసారి కూతురు పెట్టె మీదికి వంగి, స్కూల్లో కొత్తగా నేర్చుకున్న చదువు చూపించుకోవాలన్న ముచ్చటతో, "సున్నా పాయింట్ ఆరు నాలుగు! కదమ్మా?" అంది. ముందు సీట్లోంచి ఆయన, "అయిపోయింది. తల్లి పోలిక" అన్నాడు. కారంతా నవ్వింది. పిల్ల కూడా నవ్వి, మళ్ళీ ఆ పెట్టె వైపు చూడలేదు.

ఏడాదిన్నరకి షికార్లు ఆగిపోయాయి. పెట్టె ల్యాబుకీ, నోటుబుక్కు అక్కడి బీరువాలోకీ వెళ్ళిపోయాయి. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అత్తగారి మందుబిళ్ళలు తీసిస్తే, "ఒకసారి చీటీ మళ్ళీ చూడు, సున్నా ఏమైనా పోయిందేమో" అనేది ఆవిడ. కరెంటు మీటరు చూసి చెబితే ఆయన వెళ్ళి మళ్ళీ చూసొచ్చేవాడు. వీధి చివర స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఇంటికొచ్చి, సైన్సు టీచరు కావాలి, మీరు ఫిజిక్స్ చదివారట కదా అని అడిగిన రోజున, ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "పిల్లల మార్కుల్లో సున్నాలు మింగేస్తే తల్లిదండ్రులు సంతోషిస్తార్లెండి" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. ఆమె కూడా నవ్వి, టీ తీసుకురావడానికి లోపలికెళ్ళి, కప్పుల్ని రెండుసార్లు లెక్కపెట్టుకుంది. మూడే కప్పులు. అయినా రెండుసార్లు లెక్కపెట్టింది. అప్పటికి తన కళ్ళని తను నమ్మడం పూర్తిగా మానేసిందని ఆ కప్పుల దగ్గరే ఆమెకి అర్థమైంది. గుర్తుపెట్టుకోలేదు, అంతే.

ఇప్పుడు కూతురికి పదిహేడేళ్ళు. కాలేజీలో ఏ గ్రూపు కావాలో రాసి ఇవ్వాల్సిన కాగితం నెల నుంచీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద వేలాడుతోంది. గడువు ఇంకో వారమే. పిల్లకి లెక్కలంటే ప్రాణమని టీచర్లు చెబుతారు. పిల్ల మాత్రం, "లెక్కలు, ఫిజిక్స్ నాకొద్దు నానమ్మా. నాది అమ్మ పోలిక" అంటోంది.

*

వార్త వచ్చిన నాలుగు రోజులూ ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. "చేసింది కంపెనీ, మావాడు కాదు" అని అత్తగారు ఒకటే మాట చెబుతోంది. ఆయన కారు పరీక్షని ఎలా పసిగడుతుందో తల్లికి వివరించాడు. "చక్రాలు తిరుగుతుంటాయి, స్టీరింగ్ మాత్రం కదలదు. రోడ్డు మీద అలా ఎప్పుడూ జరగదు కదా? దాన్ని బట్టి, ఇది ల్యాబు అని బండికి తెలిసిపోతుంది. వెంటనే పొగని శుభ్రం చేసే మెషిన్ పూర్తిగా ఆన్ అవుతుంది. బయటికి రాగానే మళ్ళీ తగ్గిపోతుంది."

"ఎంత తెలివో!" అంది అత్తగారు, తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక.

ఆమెకి ఆ తెలివి మరీ కొత్తగా అనిపించలేదు. చుట్టాలొస్తే ఆయనకి ఎలాగో తెలిసిపోతుంది. తిన్న పళ్ళెం తనే తీసుకెళ్ళి సింకులో పెడతాడు. "నువ్వు కూర్చో, నీళ్ళు నేను తెస్తాను" అంటాడు. వంటింట్లోకి వెళ్ళి నిలబడి, గ్లాసులు ఎక్కడున్నాయో తెలియక, ఆమె వచ్చేదాకా అక్కడే ఉంటాడు. "ఇలాంటి భర్త దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి" అని చుట్టాలు వీధి మలుపు తిరిగేదాకా అనుకుంటూ వెళతారు. వాళ్ళు మలుపు తిరగగానే టవలు కుర్చీ మీదా, కాఫీ కప్పు టవలు మీదా. పాపం ఆయన కావాలని చేస్తాడని కాదు. లోపల ఎవరో అలా రాసిపెట్టారు.

ఐదో రోజు పొద్దున ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఒక కాయ తీసుకుని ఈనె తీయబోయాడు. అప్పుడే ఆమెకి అనుమానం వచ్చింది.

"ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ వాళ్ళు ల్యాబు బీరువా తెరిచారు," అన్నాడు. "నోటుబుక్కు దొరికింది. మన నోటుబుక్కు."

మన. ఆమె చెయ్యి ఆగలేదు కానీ ఆ మాటని పక్కన పెట్టి గుర్తుపెట్టుకుంది.

"చేతిరాత నాది కాదని తెలిసిపోయింది. ఎవరు రాశారని అడుగుతారు. ఆ అంకెలు సరైనవైతే, రోడ్డు మీద ఎంత పొగ వస్తోందో తొమ్మిదేళ్ళ కిందటే కంపెనీకి తెలుసని అర్థం. అందుకని మన కంపెనీ లా ఆఫీసరు రేపు ఇంటికొస్తాడు. చిన్న కాగితం. నువ్వొక సంతకం పెడితే చాలు."

"ఏమని?"

"నీకు మీటరు చదవడం రాదని. అంకెలు తప్పు పడి ఉండొచ్చని." ఆయన చిక్కుడుకాయని ఈనెతో సహా రెండుగా విరిచేశాడు. "రోజూ అనుకునేదేగా. కొత్తేముంది?"

"పెట్టకపోతే?"

"నన్ను పిలుస్తారు. నీకెప్పుడు తెలుసు, తెలిసి ఎందుకు చెప్పలేదు అంటారు. ఉద్యోగం పోవచ్చు."

ఆమె ఒక కాయ తీసింది, ఇంకో కాయ తీసింది. తర్వాత మామూలు గొంతుతో, పాలు ఎప్పుడొచ్చాయి అని అడిగినట్టు అడిగింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "మొదట్లో నిజంగానే నువ్వు తప్పు చదివావనుకున్నా. ఒట్టు. మూడేళ్ళ తర్వాత ఒక మీటింగులో బయటపడింది. నీ అంకెలూ వాళ్ళ దగ్గరున్న అంకెలూ అచ్చు గుద్దినట్టు ఒకటే."

"మూడేళ్ళ తర్వాత. అంటే ఆరేళ్ళ కిందట."

"చెబుదామనే అనుకున్నా. చెబితే కంపెనీ సంగతి చెప్పాలి. నువ్వు ఊరుకోవు. పైగా..." అని ఆగాడు. "నువ్వేం పెద్దగా పట్టించుకున్నట్టు లేవు కదా. నువ్వూ నవ్వేదానివి."

చెడ్డవాడు కాడు. ఆమె ఆ రోజంతా అదే అనుకుంది. జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదురు తడిపే మనిషి. కూతురు సైకిలు మీంచి పడితే ఆఫీసు నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిన మనిషి. చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది! తిట్టేసి, ఏడ్చేసి ఊరుకునేది. మంచివాడు ఆరేళ్ళపాటు, రెండు వేల రోజులపాటు, తన కళ్ళ ముందే తన భార్య కప్పులు రెండుసార్లు లెక్కపెట్టుకోవడం చూస్తూ ఊరుకున్నాడు. ఒక్క మాట చాలు. 'నువ్వు సరిగ్గానే చదివావోయ్' అని, కంపెనీ ఊసే లేకుండా, దీపం ఆర్పబోయే ముందు ఒక్క మాట. ఆ మాట దాచుకుని ఆయన తిన్నాడు, నిద్రపోయాడు, నీలం చొక్కాలు తొడుక్కున్నాడు. ఆ చొక్కాల్ని తను గుడ్డ వేసి మరీ ఇస్త్రీ చేసింది. అయితే విచిత్రంగా, కోపం రావాల్సినంత రాలేదు. ఎక్కడ వెతికినా ఆ పక్కనే ఇంకేదో చల్లగా తగులుతోంది. నా కళ్ళు బాగానే ఉన్నాయి. నా బుర్ర బాగానే ఉంది. తొమ్మిదేళ్ళుగా బాగానే ఉంది. నేనే దాని వంక చూడ్డం మానేశాను.

*

లా ఆఫీసరు కుర్రతనం వదలని మనిషి, మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒక జత చేసి మరీ పెట్టాడు. అత్తగారు సోఫాలో, భర్త కుర్చీ అంచు మీద, కూతురు గుమ్మానికి చేరబడి. ఆమె టీ తెచ్చి పెట్టి తనూ కూర్చుంది. ఆ గదిలో అతిథి ఉండగా ఆమె కూర్చోవడం అరుదు కాబట్టి, ఎక్కడ కూర్చోవాలో ఒక్క క్షణం తేల్చుకోలేకపోయింది.

"చిన్న ఫార్మాలిటీ మేడం," అని అతను కాగితం తీసి చదివాడు. "'నేను గృహిణిని. సాంకేతిక పరికరాలు చదవడంలో నాకు ఎటువంటి శిక్షణా లేదు. సదరు నోటుబుక్కులో నేను రాసిన అంకెల్లో దశాంశ స్థానాలు తప్పుగా నమోదై ఉండవచ్చునని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.' అంతే మేడం. ఇక్కడ సంతకం. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో ఉండేవాళ్ళకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి చెప్పండి? మా ఆవిడ కూడా అంతే."

"మీ ఆవిడ కూడానా?" అంది ఆమె ఆసక్తిగా. "ఒక్క నిమిషం."

వంటింట్లోకి వెళ్ళి, పిండి తూచుకునే చిన్న కాటా తెచ్చి టీపాయి మీద పెట్టింది. దాని మీద చక్కెర డబ్బా పెట్టింది. నల్లటి అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి.

"ఎంతుందో చెప్పండి."

అతను అర్థంకాక భర్త వైపు చూసి, ముందుకు వంగాడు. "సున్నా పాయింట్ నాలుగు మూడు."

"మధ్యలో సున్నా ఏమైనా ఉందా?"

"లేదు మేడం."

"సరిగ్గా చూశారా? ఉంటుంది, మీకు కనపడి ఉండదు."

"లేదండీ, ఇంత స్పష్టంగా..." అని అతను ఆగిపోయాడు.

"ఏం చదువుకున్నారు మీరు?"

"లా."

"మరి ఈ కాటా చదవడానికి శిక్షణ ఎక్కడ తీసుకున్నారు?"

గుమ్మం దగ్గర కూతురికి పొలమారింది. నోట్లో ఏమీ లేకుండానే.

ఆమె కాగితం తన వైపు లాక్కుంది. అతను ఆశగా పెన్ను అందించాడు. అచ్చయిన మూడు వాక్యాల మీదా ఒక నిలువు గీత, పిల్లల పరీక్ష కాగితం మీద టీచరు గీసినట్టు, తొందరలేకుండా గీసింది. మిగిలిన ఖాళీలో రాసింది. డిగ్రీ చదివే రోజుల్లో రికార్డు పుస్తకాల్లో రాసిన గుండ్రటి అక్షరాలు ఎక్కడికీ పోలేదు.

'నేను భౌతికశాస్త్రం చదివాను. ఈ నోటుబుక్కులో ఉన్న ప్రతి అంకెనీ మీటరు చూసి నేనే రాశాను. అన్నీ సరైనవే. మధ్యలో సున్నా లేదు. మొదటి మూడేళ్ళూ ఇవి తప్పని నా భర్త నిజంగానే నమ్మారు. దానికి కూడా నేనే సాక్షిని, ఎందుకంటే రోజూ విన్నాను.'

కింద పూర్తి పేరు రాసింది. పెళ్ళికి ముందు సర్టిఫికెట్లలో ఉన్న పేరు కూడా కలిపి.

లా ఆఫీసరు చదివి, నుదురు తుడుచుకుని, "సార్, మీరైనా చెప్పండి. ఇది ఇలా వెళ్తే మీకే కష్టం" అన్నాడు.

భర్త ఏదో అనబోయాడు. అంతలో అత్తగారు చెయ్యెత్తింది. "ఆగాగు. నాకొకటి చెప్పండి. అయితే ఆ సున్నా అమ్మాయి మింగలేదా?"

"లేదత్తయ్యా."

"మరి ఎవరు మింగినట్టు?" అని ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

ఆయన చాలాసేపు ఆ చక్కెర డబ్బా కేసే చూశాడు. అది ఇంకా సున్నా పాయింట్ నాలుగు మూడే.

"కంపెనీ మింగిందమ్మా," అన్నాడు చివరికి. "తర్వాత నేనూ మింగాను."

"తొమ్మిదేళ్ళు! చుట్టాలందరి దగ్గరా, మెట్ల మీద, పెళ్ళిళ్ళలో, నా నోటితో అబద్ధం చెప్పించావట్రా?" అత్తగారికి కోడలికి జరిగిన అన్యాయం కంటే తన మాట పోయినందుకే ఎక్కువ మండింది. పర్వాలేదు, ఏ దారిన వచ్చినా వచ్చింది కదా అనుకుంది ఆమె.

ఆయన లేచి, లా ఆఫీసరు ముందున్న కాగితాల్లోంచి తెల్లది ఒకటి తీసుకున్నాడు. "పెన్ను ఇలా ఇవ్వండి. ఆవిడ రాసింది నిజమే. మిగతా ఆరేళ్ళ సంగతీ నేను రాస్తాను." రాయడం మొదలుపెట్టాక భుజాలు కిందికి దిగాయి. రోజంతా బిగుతు బూట్లు వేసుకుని తిరిగినవాడు ఇంటికొచ్చి లేసులు విప్పుకున్నప్పటి మొహం. ఆయనకీ బరువు ఉండేదన్నమాట, అనుకుంది. ఉంటే ఉండనీ. ఆ బరువు కూడా తనే దింపాలంటే మాత్రం కుదరదు. ఆ పని ఆయనే చేసుకుంటున్నాడు, మంచిదే.

*

విచారణ కమిటీలో ఒక పెద్దావిడ ఆమెని ఒకే ఒక ప్రశ్న అడిగింది. "ఇన్ని ఆదివారాలు రాశారు. ఎప్పుడూ విసుగు రాలేదా?" వచ్చిందని ఆమె ఒప్పుకుంది. "విసుగొచ్చినప్పుడు అంకెలు ఉజ్జాయింపుగా వేశారా?" లేదంది. పెద్దావిడ నోటుబుక్కు మూసి, "కనిపిస్తూనే ఉంది" అంది.

ఆయన్ని మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఉద్యోగం పోలేదు. నిజం రాసిచ్చినందుకు కాస్త కనికరించి సీట్ల విభాగంలో పడేశారు. ఇప్పుడు రోజంతా ఒక యంత్రం సీటు మీద కూర్చుని లేవడం, కూర్చుని లేవడం చూస్తుంటాడు. అందులో దాచడానికి ఏమీ లేదట. హాయిగా ఉందంటాడు. మళ్ళీ పనిలో చేరే రోజు పొద్దున తన నీలం చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. గుడ్డ వెయ్యాలని ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. కంపెనీ మూతి వంకరపోయింది. అలాగే వేసుకుని వెళ్ళాడు.

ఆమె మటుకు వీధి చివరిదాకా నడిచి హెడ్‌మిస్ట్రెస్ గారింటి గంట నొక్కింది. ఇన్నేళ్ళ తర్వాత సైన్సు టీచరు ఖాళీ ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఇంట్లో కప్పుల్ని ఒక్కసారే లెక్కపెట్టి బయల్దేరింది. అది ముందు సంగతి.

ఖాళీ ఉంది, పై నెల నుంచి.

ఫ్రిజ్ మీది కాగితం గడువుకి ఒక రోజు ముందే వెళ్ళిపోయింది. కూతురు అందులో ఏం రాసిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం పొద్దున మాత్రం లావుపాటి ఫిజిక్స్ పుస్తకం ఎత్తుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద దభీమని పడేసింది. "అమ్మా, ఈ లెక్క ఎక్కడో తేడా కొడుతోంది. ఒకసారి చూడు."

పేపరు చదువుతున్న ఆయన చెయ్యి చాచాడు. "ఇలా తే, నేను చెబుతా."

"వద్దులే నాన్నా," అంది పిల్ల, పుస్తకాన్ని తల్లి వైపు తోస్తూ. "నువ్వు సున్నాలు మింగేస్తావు."

సోఫాలో అత్తగారు పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటిదో ఆమెకి బాగా తెలుసు. తొమ్మిదేళ్ళు తన మొహం మీద తనే తొడుక్కున్నది. సరదా తెలియని మనిషనిపించుకోకుండా ఉండటానికి నవ్వే నవ్వు.

"అలా అనకూడదు నాన్నని," అంది ఆమె, కళ్ళజోడు తుడుచుకుని పుస్తకం దగ్గరికి లాక్కుంటూ. "ఈ ఇంట్లో ఇక ఆ మాట ఎవరూ ఎవర్నీ అనొద్దు."

ఆయన కృతజ్ఞతగా తలెత్తాడు.

"అనాల్సి వస్తే," అంది ఆమె, పెన్సిలు చెక్కుకుంటూ, "నేనంటాను."